మాస్టారి అసలు శ్రుతి: పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించిన నా అనుభవం

మా ఇంట్లో మిగిలిన క్యాసెట్లు బజార్లో దొరికేవి కావు. సినిమా పాటలైతే ఇప్పుడు ఫోన్లోనే వస్తున్నాయి, వాటి కోసం ఎవరూ శ్రమపడక్కర్లేదు. మావి మూడు రకాలు. మా అమ్మ పెళ్ళికి ముందు, 1980ల మొదట్లో, విశాఖ మహారాణిపేటలో సంగీతం నేర్చుకుంటున్నప్పుడు మాస్టారి పాఠాలు రికార్డు చేసుకున్నవి కొన్ని. మర్చంట్ నేవీలో ఇంజిన్ రూమ్‌లో పనిచేసిన మావయ్య ఉత్తరాలకు బదులు ఓడలోంచి మాట్లాడి పంపినవి కొన్ని. భీమిలి దగ్గర మా ఊళ్ళో నానమ్మ పాడిన పెళ్ళిపాటలు, దంపుళ్ళ పాటలు మిగతావి. వీటిలో దేనికీ రెండో కాపీ లేదు. రీలు పోతే ఆ గొంతు పోయినట్టే.

బయట ఇచ్చి చేయించుకోవచ్చు కదా అని చాలామంది అన్నారు. మా బంధువులొకరు అలాగే చేయించుకున్నారు. ఆ ఫైళ్ళు తెప్పించుకుని విన్నాను. బరబర శబ్దం లేదు, శుభ్రంగానే ఉంది. కానీ మాట్లాడుతున్న పెద్దాయన గొంతు మాత్రం ఆయనది కాదు. సన్నగా, తొందరతొందరగా ఎవరో పడుచువాడు మాట్లాడినట్టుంది. ఆయన నింపాదిగా మాట్లాడే మనిషి. ఆ క్యాసెట్ ఏ వేగంలో రికార్డయిందో చేసినవాళ్ళు చూడలేదు. గొంతు తెలిసిన ఇంటివాళ్ళు పక్కన కూర్చుంటే తప్ప అది పట్టుకోవడం కష్టం. అందుకే మా క్యాసెట్లు ఇంట్లోనే, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని చేద్దామనుకున్నాను.

ముందు క్యాసెట్ల పరిస్థితి చెప్పాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా ఇంటి కిటికీ అద్దాలు పగిలి వాన గదుల్లోకి కొట్టింది. అటక మీదున్న అట్టపెట్టె ఒక పక్క తడిసింది. అసలే సముద్రం దగ్గర ఇల్లు, ఏడాదిలో ఎక్కువ రోజులు గాలిలో తడి ఉంటుంది. పెట్టె దించి చూస్తే సగం క్యాసెట్లు బాగానే ఉన్నాయి. మిగతావాటిలో, మధ్యలో ఉండే చిన్న కిటికీలోంచి చూస్తే రీలు అంచుల మీద తెల్లగా పిండి చల్లినట్టు కనిపించింది. అది బూజు. బూజు పట్టిన క్యాసెట్‌ను మంచి డెక్‌లో (క్యాసెట్ ప్లేయర్‌లో) పెట్టకూడదు. అది రీలును చదివే హెడ్డుకు అంటుకుంటుంది, అక్కణ్ణుంచి తర్వాత పెట్టిన క్యాసెట్‌కూ పాకుతుంది.

వాటిని గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పాటు పెట్టి బాగా ఆరనిచ్చాను. తర్వాత ముక్కుకు మాస్కు కట్టుకుని బాల్కనీలో కూర్చుని, ఇక దేనికీ పనికిరాదనుకున్న పాత ప్లేయర్‌లో ఒక్కొక్కటే ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్ళీ వెనక్కి తిప్పాను. రీలు బయటికొచ్చే చోట మెత్తని పొడి గుడ్డ ఆనించి పట్టుకుంటే బూజు దానికి అంటుకుని వస్తుంది. గట్టిగా నొక్కకూడదు. అయస్కాంత పూత ఊడివస్తే గుడ్డ గోధుమరంగులోకి మారుతుంది, అది కనిపిస్తే వెంటనే ఆపేయాలి. మాకు అదృష్టవశాత్తూ తెల్లటి పొడే వచ్చింది.

ఇంకో చిక్కు, క్యాసెట్ ముందు భాగంలో చిన్న రాగిరంగు రేకు పట్టీ మీద అతికించి ఉండే మెత్త. రీలును హెడ్డుకు ఆనించి ఉంచేది అదే. ఏళ్ళు గడిచేసరికి జిగురు ఎండిపోయి మెత్త ఊడిపోతుంది, ఉప్పుగాలికి పట్టీ కూడా తుప్పు పడుతుంది. అప్పుడు శబ్దం వస్తూ పోతూ ఉంటుంది, చాలామంది రీలే పాడైపోయిందనుకుంటారు. అయిదు చిన్న స్క్రూలతో బిగించిన క్యాసెట్లయితే పని సులువు. స్క్రూలు తీసి, రెండు చక్రాలనూ రీలుతో సహా జాగ్రత్తగా ఎత్తి, మంచి మెత్త ఉన్న ఇంకో క్యాసెట్ గుల్లలో అమర్చవచ్చు. స్క్రూలు లేకుండా అతికించేసినవాటిని అంచు వెంబడి సన్నని కత్తితో విడదీయాలి. నానమ్మ క్యాసెట్ ఒకటి అలాంటిదే. దానికి నాకు చాలా టెన్షన్ పట్టింది. కత్తి కొన రీలుకు తగలకుండా, రీలు మొత్తం ఒక పక్క చక్రం మీదకు చుట్టేసి, ఖాళీగా ఉన్న వైపు నుంచి మొదలుపెట్టాను. తెగిన చోట్ల అతకడానికి రీలు వెడల్పుకే తయారయ్యే స్ప్లైసింగ్ టేపు వాడాలి. మామూలు సెల్లో టేపు జిగురు కొన్నాళ్ళకు కారి పక్క చుట్లకు అంటుకుంటుంది.

డెక్ సంగతికొస్తే, ఆన్‌లైన్‌లో దొరికే చవకరకం యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్లను ఈ పనికి నేను సిఫార్సు చేయను. ఒకటి తెప్పించి విన్నాను, వేగం నిలకడగా లేదు. నిలుపుగా పట్టిన షడ్జమం, అంటే 'స', కూడా వణుకుతోంది. సంగీతం పాఠాలకు అది అస్సలు పనికిరాదు. ఒక స్నేహితుడి ఇంట్లో వెనకాల లైన్ అవుట్ (శబ్దాన్ని వైరు ద్వారా బయటికి పంపే సాకెట్) ఉన్న పాత స్టీరియో డెక్ మూలపడి ఉంటే అడిగి తెచ్చుకున్నాను. స్విచ్ వేస్తే లైటు వెలిగింది కానీ చక్రాలు తిరగలేదు.

అల్లిపురంలో రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారని అమ్మ తరపు వాళ్ళు చెప్పారు. ఆయన మూత విప్పగానే వేలితో చూపించి, "మోటారు లక్షణంగా ఉంది బాబూ, బెల్టే ముద్దయిపోయింది" అన్నారు. నిజంగానే రబ్బరు బెల్టు కరిగి నల్లటి తారులా పుల్లీలకు పట్టేసింది. ఆయన దాన్ని స్పిరిట్‌తో ఓపికగా తుడిచి కొత్త బెల్టు వేశారు. హెడ్డు, దాని పక్కనుండే ఉక్కు కడ్డీ, రబ్బరు రోలరు ఎలా తుడవాలో చూపించారు. హెడ్డునూ కడ్డీనీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో తుడవాలి. రబ్బరు రోలరుకు మాత్రం ఆల్కహాల్ ఎక్కువ పట్టించకుండా, తడి గుడ్డతో తుడిచి పొడిగా ఆరనివ్వమన్నారు. ప్రతి క్యాసెట్‌కూ ముందు ఈ పని చేశాను. బడ్‌కు అంటిన మట్టి రంగు చూస్తే ఎందుకు చేయాలో అర్థమవుతుంది.

వేగం కూడా ఆయన దగ్గరే సరిచేయించాను. మోటారు వెనక చిన్న రంధ్రంలో ప్రీసెట్ ఉంటుంది, సన్నని స్క్రూడ్రైవర్‌తో తిప్పితే వేగం పెరుగుతుంది, తగ్గుతుంది. కొలతకు కంపెనీ క్యాసెట్ ఒకటి పెట్టి, అదే పాట సీడీలో ఎంతసేపు ఉందో చూసుకున్నాం. అయిదు నిమిషాల పాట మూడు సెకన్లు ముందే అయిపోతే డెక్ ఒక శాతం తొందరగా తిరుగుతున్నట్టు. రెండూ కలిసేదాకా ఆయన విసుగులేకుండా తిప్పారు. ఈ పని మొదట్లోనే అయిపోవడం ఎంత మేలు చేసిందో తర్వాత తెలిసింది. ఆ పైన ఏ క్యాసెట్‌లో తేడా వచ్చినా అది డెక్‌ది కాదు, రికార్డు చేసిన నాటిదే అని ధైర్యంగా అనుకోగలిగాను.

కంప్యూటర్‌కు కలపడం పెద్ద కథేమీ కాదు. లాప్‌టాప్‌లకు ఉండే ఒక్క రంధ్రం ఇయర్‌ఫోన్స్ మైకు కోసం పెట్టింది, అందులో లైన్ అవుట్ దూర్చితే మోనోలో, అదీ పగిలిపోయిన శబ్దం వస్తుంది. పాత డెస్క్‌టాప్‌కు వెనకాల నీలంరంగు లైన్ ఇన్ ఉంటే అది చాలు. నేను ఎరుపు, తెలుపు సాకెట్లున్న చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ కొన్నాను. సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ, ఉచితంగా వస్తుంది. విండోస్ సెట్టింగుల్లో శబ్దాన్ని మెరుగుపరుస్తామనే ఆప్షన్లన్నీ ఆపేయాలి. మీటరు ఎంత గట్టి శబ్దానికైనా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకున్నాను. ఒకసారి పై అంచు తెగిపోతే దాన్ని మళ్ళీ తెచ్చేదేదీ లేదు. లాప్‌టాప్ ఛార్జర్ పెట్టి ఉంటే కొన్నిసార్లు జుయ్‌మనే శబ్దం చేరుతుంది, బ్యాటరీ మీద నడిపితే పోతుంది. డెక్‌ను ఇన్వర్టర్ మీద నడపకపోవడం మంచిది. ఇంట్లో చేసుకున్న రికార్డింగులకు టేపు సొద తగ్గించే డాల్బీ వాడలేదు కాబట్టి డెక్‌లో ఆ బటన్ ఆపేసి ఉంచాను. అది వేస్తే గొంతు దుప్పటి కప్పుకున్నట్టు వస్తుంది.

ఇక హెడ్డు వాలు. ఇది చాలామంది వదిలేస్తారు, నేను మాత్రం ఎవరు అడిగినా మొదట ఇదే చెబుతాను. హెడ్డులో ఉండే సన్నని చీలిక రీలుకు సరిగ్గా నిటారుగా ఉండాలి. అమ్మ వాడిన బల్లపరుపు టేప్ రికార్డర్‌లో అది కొంచెం వాలి ఉండేదేమో, మా డెక్‌లో పెడితే మాటలన్నీ మొద్దుగా వచ్చాయి. హెడ్డు పక్కనుండే చిన్న స్క్రూను వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతూ వింటే ఒకచోట గొంతు ఒక్కసారి విచ్చుకుంటుంది. మాస్టారు సరిగమలు పాడించే చోటు పెట్టుకుని 'స' వినబడే తీరునే కొలతగా పెట్టుకున్నాను. స్క్రూ ఒకవైపు తిరిగితే 'స' కాస్తా 'థ'లా ఊదినట్టు వస్తుంది, సరైన చోటుకు రాగానే పదునుగా పలుకుతుంది. పాఠాల మధ్యలో ఆయన "శుద్ధంగా పలకండి" అనే మాటలో శ కూడా అప్పుడే స్పష్టంగా విన్నాం. రికార్డు చేసిన మిషన్ మారిన ప్రతిసారీ ఈ స్క్రూ మళ్ళీ చూసుకోవాలి. మొదట ఉన్న స్థానాన్ని మార్కర్‌తో గుర్తుపెట్టుకుంటే అన్నీ అయ్యాక అక్కడికే తెచ్చేయవచ్చు.

ఇంత చేశాక మాస్టారి మొదటి పాఠం పూర్తిగా ఎక్కించి అమ్మకు వినిపించాను. మోహనలో వర్ణం. అమ్మ కళ్ళు మూసుకుని రెండు ఆవర్తాలు (తాళం చుట్లు) వింది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"మాస్టారి గొంతు ఇంత పీలగా ఉండేది కాదురా. ఆయన మంద్రంలోకి దిగితే గదంతా నిండేది. అయినా ఇది ఐదు శ్రుతి కాదు."

ఐదు శ్రుతి అంటే 'స' ఎంత ఎత్తున ఉండాలో చెప్పే లెక్క. అది తప్పిందంటే వేగంలోనే తేడా. క్యాసెట్ వేగం ఎక్కడైనా ఒక్కటే. ఫిలిప్స్ కంపెనీ 1963లో బయటికి తెచ్చినప్పటి నుంచీ సెకనుకు 4.76 సెంటీమీటర్లు. కానీ ఇంట్లో వాడే టేప్ రికార్డర్లు ఆ లెక్కను కచ్చితంగా పాటించేవి కావు. బెల్టు సాగినా, రోలరు జారినా, బ్యాటరీలు నీరసించినా రీలు నెమ్మదిగా నడుస్తుంది. నెమ్మదిగా నడిచినప్పుడు రికార్డయినదాన్ని సరైన వేగంలో వింటే గొంతు పైకి పోతుంది, మాట తొందరపడుతుంది. బంధువుల ఫైల్లో నేను విన్నది అదే.

ఎంత తేడా ఉందో తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. కరెంటు మీద నడిచిన టేప్ రికార్డర్ అయితే ఆ కరెంటు గుయ్‌మనే శబ్దం రీలు మీద సన్నగా పడుతుంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సార్లు ఊగుతుంది. అది డీసీగా మారే చోట రెట్టింపై 100 దగ్గర గుర్తు బాగా కనబడుతుంది. ఆడాసిటీలో ఎవరూ పాడని చోటును ఎంచుకుని, అనలైజ్‌లో ప్లాట్ స్పెక్ట్రమ్ తెరిచి, సైజు 65536 పెడితే ఆ శిఖరం ఎక్కడుందో చదవొచ్చు. మాస్టారి క్యాసెట్‌లో అది 102 దగ్గరుంది. అంటే రెండు శాతం ఎక్కువ. అంతమేర తగ్గించి వినిపించాను. "దగ్గరకొచ్చింది, ఇంకా రాలేదు" అంది అమ్మ.

అమ్మ మాటే నిజమైంది. ఎలాగంటే, ఆ రోజుల్లో మన గ్రిడ్‌లో, అంటే కరెంటు సరఫరా వ్యవస్థలో, కరెంటు 50 దగ్గర నిలబడేది కాదు. వాడకానికి తగినంత ఉత్పత్తి లేక ఫ్రీక్వెన్సీ పడిపోతూ ఉండేది, 48 దాకా దిగిన రోజులుండేవి. కాబట్టి 1980ల నాటి క్యాసెట్‌లో కరెంటు శబ్దాన్ని ఒక్కదాన్నే కొలబద్దగా నమ్మకూడదు. దానికి తోడుగా మారని వస్తువు ఇంకొకటి కావాలి. ఆ వస్తువు మా ఇంట్లోనే ఉంది. పాఠాలకు వాడిన శ్రుతి పెట్టె. తిత్తి చేత్తో ఊదే రకం, లోపల ఇత్తడి రీడ్లు. అమ్మ దాన్ని ఇన్నేళ్ళూ పట్టుగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టుకుంది.

బల్ల మీద పెట్టి, ఆనాటిలాగే మీటలు తెరిచి అమ్మ తిత్తి వేసింది. దాన్ని మైకుతో రికార్డు చేసి స్పెక్ట్రమ్ చూశాను. షడ్జమం 196 హెర్ట్జ్ దగ్గర నిలిచింది, అంటే ఐదు శ్రుతి. క్యాసెట్‌లో, ఏ మార్పూ చేయని అసలు ఫైల్లో, పాఠం మొదలయ్యే ముందు ఇదే పెట్టె ఒంటరిగా మోగే చోటు తీసుకున్నాను. అక్కడ 208. అది ఐదున్నర శ్రుతి. సరిగ్గా అర శ్రుతి పైకి పోయింది. తేడా ఆరు శాతానికి దగ్గర. కరెంటు లెక్కా దీనితో కలిసింది: 102ని ఆ మేరకు తగ్గిస్తే 96, అందులో సగం 48. ఆ సాయంత్రం గ్రిడ్ 48 దగ్గర నడిచిందన్నమాట. నలభై ఏళ్ళ కిందటి ఒక సాయంత్రం విశాఖలో కరెంటు ఎలా ఉందో ఒక వర్ణం అడుగున దొరకడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఎఫెక్ట్స్‌లో వేగం మార్చే ఆప్షన్‌కు వెళ్ళి 5.8 శాతం తగ్గించాను. శ్రుతి ఒక్కదాన్ని మార్చి వేగాన్ని అలాగే ఉంచే ఎఫెక్టు వేరే ఉంటుంది, దాన్ని వాడకూడదు. రికార్డింగులో రెండూ కలిసే పైకి పోయాయి కాబట్టి రెండూ కలిసే దిగాలి. మళ్ళీ పెట్టాను. కాలప్రమాణం కూడా నెమ్మదించింది, మాస్టారు తొడ మీద వేస్తున్న తాళం దెబ్బ బరువుగా వినిపించింది. అమ్మ ఏమీ అనలేదు. శ్రుతి పెట్టె దగ్గరకు లాక్కుని తిత్తి వేస్తూ క్యాసెట్‌తో పాటు వర్ణం అందుకుంది. రెండు శ్రుతులూ కలిసిపోయాయి.

ఆ పాఠాలన్నిటికీ ఇదే పద్ధతి. ఒక్కో క్యాసెట్‌కు తేడా ఒక్కోలా వచ్చింది, ఒకే క్యాసెట్‌లో రెండు వైపులకూ వేరువేరుగా వచ్చినవీ ఉన్నాయి. అందుకని ప్రతి వైపూ శ్రుతి పెట్టెతో విడిగా సరిచూశాను.

మావయ్య క్యాసెట్ల దగ్గర కథ మారింది. అందులో కరెంటు శబ్దం 120 దగ్గర కనిపించింది. 100కు దించితే మనిషి నిద్రమత్తులో మాట్లాడినట్టు ఉంటుంది, అంత తేడా ఏ టేప్ రికార్డర్‌లోనూ రాదు. మావయ్య ఇప్పుడు గాజువాకలో ఉంటాడు. ఫోన్ చేసి అడిగితే, "ఓడల్లో కరెంటు ఎక్కువగా 60 సైకిల్సే ఉంటుందిరా, 440 ఓల్టులు, జనరేటర్లు మేమే నడిపేవాళ్ళం" అన్నాడు. అంటే 120 ఉండాల్సిందే. ఆయన క్యాసెట్లు దాదాపు సరైన వేగంలోనే ఉన్నాయి. ఓడలో జనరేటర్ ఫ్రీక్వెన్సీని ఎంత నిక్కచ్చిగా చూసుకునేవారో ఆయన చాలాసేపు చెప్పాడు. ఆ వివరాలన్నీ ఫైళ్ళ పక్కన రాసిపెట్టాను.

ఈ క్యాసెట్లలో ఒక వైపు మావయ్య మాట్లాడితే రెండో వైపు అమ్మమ్మ జవాబు చెప్పి తిరిగి పోస్టులో పంపేది. ఆయన సెలవుకొచ్చినప్పుడు అన్నీ పెట్టెలో వేసుకుని తెచ్చాడు. అమ్మమ్మ, ఓడ ఎంత దూరంలో ఉందో అంత గట్టిగా మాట్లాడాలన్నట్టు మాట్లాడింది. ఆ రికార్డర్లలో శబ్దం స్థాయిని తనంతట తానే సరిచేసుకునే ఏర్పాటు ఉండేది. మనిషి మాట ఆపగానే అది చెవి రిక్కించి చుట్టుపక్కల చప్పుళ్ళన్నిటినీ పైకి లాగేది. అందువల్ల ఆమె ఊపిరి తీసుకునే ప్రతి చోటా వన్‌టౌన్ వినిపిస్తుంది: పోర్టు సైరన్, రిక్షా బెల్లు, ఎవరింట్లోనో కుక్కర్ విజిల్. ఒకచోట ఆమె, "నువ్వు పంపిన డబ్బు అందింది నాయనా, నువ్వు మాత్రం కడుపు మాడ్చుకోకు" అంటుండగా వెనక నుంచి చిన్నపిల్ల ఏడుపు. అది మా పిన్ని అని మావయ్య గుర్తుపట్టాడు.

శబ్దాలు తుడిచేయకుండా వదిలేయడానికి ఇది ఒక కారణం. ఆడాసిటీలో నాయిస్ రిడక్షన్ ఉంది. ముందు నాయిస్ ఒక్కటే ఉన్న చోటును నమూనాగా చూపిస్తే మొత్తం ఫైల్లోంచి దాన్ని తీసేస్తుంది. టేపు సొద ఒక్కటే ఉన్న చోటు దొరికి, తగ్గింపు 6 డెసిబెల్స్ దాటకుండా వాడితే పర్వాలేదు. ఎక్కువ వాడితే గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టు గలగలమంటుంది. సంగీతం పాఠాల్లో ఇంకో ప్రమాదం ఉంది. మాస్టారు మాట్లాడని చోటును నమూనాగా తీసుకుంటే అక్కడ శ్రుతి పెట్టె మోగుతూ ఉంటుంది. నిలకడగా ఒకే తీరున మోగే శబ్దం కాబట్టి సాఫ్ట్‌వేర్ దాన్నే నాయిస్ అనుకుని తుడిచేస్తుంది. పాఠానికి ఆధారమైన శ్రుతే పోయాక ఆ ఫైలు ఎంత శుభ్రంగా ఉంటే ఏం లాభం? నేను అసలు ఫైళ్ళలో దేన్నీ తుడవలేదు. వేగం సరిచేసినవి వేరే ఫోల్డర్‌లో ఉన్నాయి, అసలువి అలాగే ఉన్నాయి. రేపు ఇంకా మంచి సాఫ్ట్‌వేర్ వస్తే మళ్ళీ అక్కణ్ణుంచే మొదలుపెట్టవచ్చు.

నానమ్మ క్యాసెట్లు అన్నిటికంటే కష్టపెట్టాయి. ఊళ్ళో కరెంటు లేనప్పుడు బ్యాటరీల మీద నడిపారు. కరెంటు శబ్దమూ లేదు, శ్రుతి పెట్టె అసలే లేదు. పైగా బ్యాటరీలు దిగిపోతున్న కొద్దీ రికార్డర్ నెమ్మదించింది, కాబట్టి వింటుంటే పాట సాగేకొద్దీ గొంతు పైపైకి పోతుంది. అప్పగింతల పాట చివరికొచ్చేసరికి నానమ్మ పదేళ్ళ పిల్లలా పాడుతోంది. ఆడాసిటీలో టైమ్ ట్రాక్ అని ఒకటి పెట్టుకోవచ్చు. ఒక గీత గీసి, ఏ నిమిషంలో ఎంత వేగం కావాలో ఆ గీతను వంచుతూ చెప్పడమే. మొదటి చరణంలో ఆమె ఆగే స్వరం పట్టుకుని, ప్రతి చరణం చివరా ఆ స్వరం అక్కడికే వచ్చేలా గీతను దించుకుంటూ పోయాను. ఇది పూర్తిగా చెవి మీద ఆధారపడే పని, కచ్చితంగా ఇంతే అని చెప్పలేను. మా పెద్దత్త చిన్నప్పుడు నానమ్మ పక్కనే కూర్చుని ఈ పాటలకు వంత పాడేది. ఆమెను ఊరి నుంచి తీసుకొచ్చి వినిపించాను.

"ఇది మాయమ్మే. ఏటి, ఇంత బాగా వినిపిస్తంది!" అంది. తర్వాత రెండో పాట దగ్గర, "ఇక్కడ కొంచెం సాగదీత్తన్నావు, మాయమ్మ ఇలా ఈడ్సదు" అని, తనే పాడి చూపించింది. గీతను ఆమె పాటకు తగ్గట్టు దిద్దాను. ఆమె పాడిందీ ఫోన్‌లో రికార్డు చేసి పక్కనే దాచాను. కొన్ని మాటలు క్యాసెట్‌లో అర్థం కాని చోట ఆమె చెప్పిన చరణాలు తెలుగులో టైపు చేసి అదే ఫోల్డర్‌లో పెట్టాను.

దాచడం గురించి నాలుగు మాటలు. ఎక్కించేటప్పుడు వేవ్ ఫైలుగా తీసుకుంటే గంటన్నర క్యాసెట్ 950 ఎంబీ దాకా వస్తుంది. దాన్ని ఫ్లాక్‌గా మారిస్తే ఇంచుమించు సగానికి తగ్గుతుంది, నాణ్యత ఏమాత్రం పోదు. ఎంపీ3 వాట్సాప్‌లో పంపడానికే, దాన్ని అసలు కాపీ అనుకోకూడదు. ఫైలు పేరులో ఎవరి గొంతు, ఏ సంవత్సరం, ఏ వైపు, ఎంత శాతం సరిచేశాను అన్నవి ఉంటాయి. క్యాసెట్ అట్ట మీది చేతిరాతను ఫోటో తీసి జతచేశాను, అమ్మ పదిహేడేళ్ళప్పుడు ఎర్ర ఇంకుతో రాసిన రాగాల పేర్లు అందులో ఉన్నాయి. ఒక హార్డ్ డిస్క్ మా ఇంట్లో, ఒకటి హైదరాబాదులో చెల్లెలి ఇంట్లో, మూడో కాపీ క్లౌడ్‌లో. ఒకే ఊళ్ళో రెండు కాపీలుంటే ఒకే తుపానుకు రెండూ పోవచ్చు. హుద్‌హుద్ చూసినవాళ్ళకు ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు.

క్యాసెట్లను పారేయలేదు. పెట్టెల్లో నిలువుగా, అటక మీద కాకుండా లోపలి గది బీరువాలో, సిలికా జెల్‌తో పాటు పెట్టాను. టీవీ స్పీకర్ల దగ్గర పెట్టకుండా చూస్తున్నాను. రికార్డింగు చెరిగిపోకుండా ఉండేందుకు వాటి వీపున ఉండే చిన్న పలకలు విరిచేశాను.

మాస్టారి పాఠాల కాపీలు ఆయన దగ్గర అప్పట్లో నేర్చుకున్న ఇద్దరు ముగ్గురికి అమ్మ పంపించింది. వాళ్ళలో ఒకామె తన దగ్గరా కొన్ని క్యాసెట్లున్నాయని, అమ్మ దగ్గర లేని కృతులు అందులో ఉన్నాయని చెప్పింది. అవి ఈ వారం మా ఇంటికొచ్చాయి. ఒకటి రెండిట్లో బూజు ఎక్కువగా ఉంది, వాటిని ముందు డబ్బాలో ఆరబెట్టాను. మిగతావాటికి అమ్మ శ్రుతి పెట్టెతో సిద్ధంగా ఉంది.